కరస్పాండెంటు గారికి నేను పెట్టిన సీమకోడి విందు

మా బడికి హెడ్మాస్టరును వేశారు. అది నేను కాదు. కనబడినవాళ్ళందరూ "అదేంటి మాస్టారూ, మీకే వస్తుందనుకున్నాం కదా" అని పరామర్శిస్తున్నారు. తిరువూరు బస్టాండులో ఒకాయన టీ ఇప్పించి మరీ అడిగాడు. టీ తాగాక చెప్పకుండా రాలేం కదా. ఇలా ఒక్కొక్కరికీ చెప్పుకుంటూ వస్తే నాకు పాఠాలు చెప్పడానికి గొంతు మిగలదు. అందుకని అందరికీ కలిపి ఇక్కడే చెప్పేస్తున్నాను. ఆ కుర్చీ ఎలా పోయిందో చెప్పాలంటే ముందు ఒక సీమకోడి గురించి చెప్పాలి. మీరు నవ్వుకోండి. నాకు మాత్రం ఇంకా నవ్వు రావడం లేదు.

మాది తిరువూరు పక్క పల్లెలో మిషను బడి. పాత హెడ్మాస్టరు గారు రిటైరయ్యాక నన్ను ఇన్‌ఛార్జిగా కూర్చోబెట్టారు. ఇన్‌ఛార్జి అంటే పని హెడ్మాస్టరుది, జీతం అసిస్టెంటుది. పెంకులు ఎగిరిపోతే నేను, ఇన్‌స్పెక్షనుకు వస్తే నేను, మధ్యాహ్నం పిల్లలకు పెట్టే ఉప్మా మాడితే నేను. నాకు ఓపికగలవాడినని పేరు. ఆ పేరు పెట్టి నన్ను అలా ఏళ్ళ తరబడి కూర్చోబెట్టారు.

ఆ పోస్టు ఖాయం చెయ్యాల్సింది మా కరస్పాండెంటు గారు. మిషను తరఫున మా బళ్ళన్నీ చూసే పెద్దమనిషి. ఎవరిని వెయ్యాలన్నా, ఎవరిని మార్చాలన్నా ఆయన చేతిలోనే ఉంటుంది. పోటీలో ఇద్దరం ఉన్నాం. ఒకడిని నేను, రెండోవాడు సర్వీసులో నాకన్నా బాగా చిన్నవాడైన ఏసుపాదం మాస్టారు. ఏసుపాదం పాఠం చెబుతుండగా నేనెప్పుడూ చూడలేదు గానీ, కరస్పాండెంటు గారి జీపు ఆగేసరికి తలుపు పట్టుకుని నిలబడి ఉండగా చాలాసార్లు చూశాను.

ఇక కరస్పాండెంటు గారి సంగతి. ఆయన ఆ మధ్య మిషను సభలకని అమెరికా వెళ్ళి వచ్చారు. సభల్లో ఏం మాట్లాడుకున్నారో ఇంతవరకూ మాకు తెలియదు. ఆయన చెప్పేది ఒకటే. అక్కడెవరో రైతు ఇంట్లో ఆయనకు 'కంట్రీ ఫ్రైడ్ టర్కీ' పెట్టారట. స్టాఫ్ మీటింగులో అదే, ఆదివారం ప్రసంగంలో అదే. పరలోకంలో జరిగే విందు దగ్గర మొదలుపెట్టి టర్కీ దగ్గర తేలేవారు.

"రొమ్ము మాంసం పలచగా కోస్తారు. కర్రతో కొడతారు. పాలూ గుడ్డూ గిలక్కొట్టి అందులో ముంచి, మైదాలో పొర్లించి, నూనెలో వేయిస్తారు. పైన తెల్లటి గ్రేవీ పోస్తారు. మిరియాలు తప్ప మసాలా అనేది ఉండదు. అది నోట్లో పెట్టుకుంటే..." అని కళ్ళు మూసుకునేవారు. మేమూ మూసుకునేవాళ్ళం. మా కారణం వేరు.

టర్కీ అంటే మా వైపు సీమకోడి అంటారు. దొరలున్న రోజుల్లో మిషను బంగళాలో పెంచేవారు. వెళ్ళిపోయేటప్పుడు కుర్చీలూ బీరువాలూ పంచినట్టే వాటినీ పంచిపెట్టి పోయారు. ఇప్పుడు ఎక్కడో ఒకటీ అరా కనబడతాయి.

పంటలు ఇంటికొచ్చాక మా చర్చి సంఘంలో కోత పండుగ చేసుకుంటాం. ప్రతి ఇంటివాళ్ళూ దేవుడికని ఏదో ఒకటి తెస్తారు. ధాన్యం, పత్తి, గుమ్మడికాయలు, కోళ్ళు, ఒక్కోసారి మేకపిల్ల. ఆరాధన అయ్యాక గుడి ముందు వాటిని వేలం వేస్తారు. ఈ వేలంలో ఒక మర్యాద ఉంది. ముద్దుగా పెంచుకున్న జీవాన్ని ఎవరైనా మొక్కుకుని ఇస్తే, దాన్ని మళ్ళీ ఆ ఇంటివాళ్ళే పాడుకుంటారు. మిగతావాళ్ళు ఒకటి రెండు పాటలు పాడి, ధర కాస్త పైకి తోసి, ఊరుకుంటారు. డబ్బు దేవుడికి చేరుతుంది, జీవం ఇంటికి చేరుతుంది. ఎవరూ ఎవరికీ నేర్పరు, అందరికీ తెలుసు.

ఈ మర్యాద నాకు తెలియదనుకునేరు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ చూస్తున్నదే. నాకు తెలియనిదల్లా ఆ సీమకోడిని ఎవరు ఇచ్చారన్నది. కానుకలు వరసగా తెచ్చి పెట్టే వేళకి నేను గుడి వెనకాల, సంఘమంతటికీ పెట్టే ప్రేమవిందు సాంబారు కాగు దగ్గర ఉన్నాను. ఓపికగలవాడిని కదా, కాగు దగ్గర ఎప్పుడూ నన్నే పెడతారు.

చేతులు కడుక్కుని వచ్చేసరికి సంఘపెద్ద లూకయ్య ఆ పక్షిని చంకలో పెట్టుకుని పాట మొదలెట్టాడు. నల్లగా నిగనిగలాడే పుంజు. ఏసుపాదం చెయ్యెత్తాడు. ఓహో అనుకున్నాను. వీడు దీన్ని కొని, వండి, కరస్పాండెంటు గారిని భోజనానికి పిలుస్తాడన్నమాట. ఒళ్ళు మండింది. ఇంతలో ముందు వరసలోంచి కరస్పాండెంటు గారే చెయ్యెత్తారు. ఏసుపాదం ఠక్కున ఊరుకున్నాడు. మిగతావాళ్ళూ ఊరుకున్నారు. పాపం, ఆయనకి టర్కీ మీద మనసు పోయింది, స్వయంగా పాడుకునేదాకా వచ్చారు అనుకున్నాను.

లూకయ్య "ఒకటోసారి... రెండోసారి..." అని సాగదీస్తున్నాడు. నేను చెయ్యెత్తాను.

జనమంతా ఒక్కసారి నా వైపు తిరిగారు. లూకయ్య పక్షిని ఆ చంకలోంచి ఈ చంకలోకి మార్చుకున్నాడు.

"దేవసహాయం మాస్టారూ, మీరేనా పాడింది?"

"నేనే."

"చూసే పాడుతున్నారా?"

"కళ్ళజోడు పెట్టుకునే పాడుతున్నానయ్యా."

కరస్పాండెంటు గారు మళ్ళీ పెంచారు. నేనూ పెంచాను. ఆయన వెనక్కి తిరిగి నన్ను తేరిపార చూసి, చెయ్యి దించేసి, మెల్లగా నవ్వారు. ఆ నవ్వు చూసి కుర్చీ నాదే అనుకున్నాను.

వేలం అయ్యాక వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డాను. "సార్, శనివారం మధ్యాహ్నం మా ఇంటికి భోజనానికి రావాలి. దీని సంగతి అప్పుడు చూద్దురుగాని."

ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు. ఇన్నేళ్ళ సర్వీసులో అదే మొదలు. "దేవసహాయం, నీ మనసు నాకు ఇప్పుడు అర్థమైందయ్యా. అమ్మని కూడా తీసుకొస్తాను. ఎంత సంతోషిస్తుందో."

"తప్పకుండా తీసుకురండి సార్" అన్నాను.

గేటు దగ్గర ఏసుపాదం ఎదురొచ్చాడు. "మంచి పని చేశారు మాస్టారూ. నాకు తట్టలేదు చూశారా" అన్నాడు. ముఖం మాడిపోయి ఉంది. ఆ మాడిన ముఖాన్నే తలుచుకుంటూ, వెనక కేరియరు మీద బుట్టలో సీమకోడితో ఇంటికి సైకిలు తొక్కాను. దారిపొడుగునా అది కిక్కురుమనలేదు. ఊరేగింపులో పెద్దమనిషిలా అటూ ఇటూ చూస్తూ కూర్చుంది.

ఆ రోజు ఒంట్లో బాగోలేక గుడికి రాని మా ఆవిడ సుగుణ దాన్ని చూసి తెల్లబోయింది. ఆ పక్షి నడవడి అలా ఉంది మరి. పిలిస్తే వచ్చేది. చేతిలో గింజలు పెడితే పొడవకుండా ఏరుకుని తినేది. సుగుణ బియ్యం ఏరుతూ కూర్చుంటే పక్కన చేరి, మెడ చాపి ఆవిడ ఒళ్ళో పెట్టి పడుకునేది. మెడ కింద నిమిరితే కళ్ళు మూతలు పడేవి.

"ఏవండీ, ఇది ఎవరో ముద్దుగా పెంచుకున్న పక్షండీ. కాలికి చూడండి, నల్లతాడూ నీలం పూసా. దిష్టి తగలకుండా కట్టారు. ఎవరిదో కనుక్కోండి."

అక్కడే నేను బుర్ర వాడాను, అక్కడే మునిగాను. "దిష్టితాడు కట్టారంటే మన సంఘంవాళ్ళది కానే కాదు. మనవాళ్ళకి అలాంటి నమ్మకాలు ఉండవు. ఎవరో గంపలగూడెం వైపు సంతలో కొని తెచ్చి ఇచ్చి ఉంటారు. అయినా దేవుడికి ఇచ్చాక దేవుడిది. దేవుడి దగ్గర నేను పాడుకున్నాను" అన్నాను.

ఆవిడ ముఖం తేటపడకపోతే ఒక కథ కూడా చెప్పాను. బళ్ళో అలవాటు, ఏదైనా నచ్చజెప్పాలంటే నాకు కథ కావాలి. "ఒక కుమ్మరి ఉండేవాడు. మొట్టమొదట చేసిన కుండంటే వాడికి మహా ప్రేమ. పగిలిపోతుందని నీళ్ళు పొయ్యనివ్వలేదు, పొయ్యి మీద పెట్టనివ్వలేదు. అటక మీద దాచాడు. ఇంటికొచ్చిన చుట్టం దాహమంటే పోసివ్వడానికి వేరే కుండ లేక పక్కింటికి పరుగెత్తాడు. అంచేత దేన్నైనా అది పుట్టిన పనికి వాడాలి. అటకెక్కించిన కుండ ఉన్నా లేనట్టే."

ఆవిడ అంతా విని, "కుండ ఒళ్ళో పడుకోదు కదండీ" అంది.

శనివారం పొద్దున్నే మార్కెట్లో కోళ్ళు కోసే జబ్బార్ సాయిబును పిలిపించాను. అతను దొడ్లో అడుగుపెట్టగానే అది తనంతట తనే ఎదురెళ్ళింది. సాయిబు కాసేపు దాని వంక చూశాడు. "మాస్టారూ, పారిపోయేదాన్ని పట్టుకుని కొయ్యడం నాకు అలవాటు. ఇదేంటి, ఇంటికొచ్చిన చుట్టాన్ని పలకరించినట్టు వస్తోంది?" అన్నాడు. నేను టైమవుతోందన్నాను. సుగుణ దాని కాలి తాడు విప్పి, గోడ మేకుకు తగిలించి, లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

ఇక వంట. రొమ్ము మాంసం పలచగా కోశాను. కోశాననేది నా మాట. చూసినవాళ్ళు చింపాననేవారు. ముదురు పుంజు. రోలు మీద పెట్టి పచ్చడిబండతో మోదుతుంటే గోడ అవతలనుంచి పక్కింటావిడ "ఏంటి వదినా, మీ ఆయన శనివారం పూట బట్టలుతుకుతున్నారా?" అని అడిగింది. సుగుణ "లేదు వదినా, ప్రమోషన్ ఉతుకుతున్నారు" అంది.

పాలూ గుడ్డూ గిలక్కొట్టి ముక్కలు ముంచి, మైదాలో పొర్లించి, బూరెల మూకుట్లో వేరుశనగనూనె కాచి మొదటి వాయి వేశాను. మైదా ఒక దారి, మాంసం ఒక దారి. పొరంతా ఊడి నూనెలో తేలుతుంటే ముక్కలు బోసిగా అడుగున పడ్డాయి.

"కాస్త అల్లంవెల్లుల్లి, కారం పట్టించి ఎప్పటిలా వేయించెయ్యనా?" అంది సుగుణ.

"వద్దు. దొరలు మసాలా వెయ్యరు."

"అది తినలేకే ఇక్కడినుంచి వెళ్ళిపోయారేమో."

దాని మీద మాటా మాటా పెరిగింది. పెళ్ళినాటి వంటల దాకా వెళ్ళి వచ్చాం. ఆ సేపంతా మిగతా ముక్కలు మైదాలోనే ఉండిపోయాయి. కోపంగా తీసి నూనెలో వేస్తే, పొర గట్టిగా పట్టుకుంది. బంగారు రంగులో కరకరలాడుతూ పైకి తేలాయి. కాబట్టి ఎవరికైనా ఈ వంటకం చెయ్యాలనిపిస్తే చెబుతున్నాను, మైదాలో పొర్లించాక మొగుడూ పెళ్ళాలు ఒక పోట్లాట పూర్తి చేసేంతసేపు ఆగాలి.

గ్రేవీకి అదే నూనె కాస్త ఉంచి, మైదా వేయించి, పాలు పోసి, మిరియాల పొడి వేశాను. ఉండలు కట్టి బిగుసుకుపోయింది. సుగుణ గరిటె ఎత్తి చూసింది. గరిటెతోపాటు గిన్నె కూడా లేచింది. "ఏవండీ, సినిమా పోస్టర్లు అంటించేవాడు బకెట్లో తెస్తాడే, అదే కదా ఇది?" ఇంకా పాలు పోసి, జల్లెడ పట్టి, మొత్తానికి గ్రేవీ అని పిలవదగ్గ దశకు తెచ్చాను.

జీపు వచ్చింది. కరస్పాండెంటు గారు దిగి, వాళ్ళ అమ్మగారిని చెయ్యి పట్టుకుని దింపారు. సంఘంలో అందరూ ఆవిడని పెద్దమ్మగారు అంటారు. తెల్లచీర, చేతికర్ర, కొంగు చివర ఏదో మూటకట్టి ఉంది. వస్తూనే దొడ్డివైపు తొంగి చూడబోయారు.

"భోజనమయ్యాక చూద్దువుగానిలే అమ్మా. మాస్టారు ఏదో పద్ధతి పెట్టుకున్నట్టున్నారు" అన్నారు కరస్పాండెంటు గారు నా వంక చూసి నవ్వుతూ. పెద్దావిడకు వంటిల్లు చూడాలని ఉందేమో అనుకుని నేనూ నవ్వాను.

పీటలు వేశాం. ఆయన మొదటి ముక్క నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. ఆయన ముఖమే చూస్తూ నిలబడ్డాను.

"దేవసహాయం, ఇది అచ్చం నేను అక్కడ తిన్నదేనయ్యా. మన కోడితో ఈ రుచి ఎలా తెప్పించావు?"

"అయ్యాక చెబుతాను సార్. ఇంకోటి వేసుకోండి."

ఇంకోటి వేసుకున్నారు. దాని తర్వాత ఇంకోటి. పెద్దమ్మగారికి పళ్ళు లేవు, సుగుణ పెరుగన్నం మెత్తగా కలిపి పెట్టింది. అందులో కాస్త తెల్ల గ్రేవీ పొయ్యనా అని అడిగాను. వద్దన్నారు. నాకు ఆ ఒక్క పాపం తప్పింది.

చెయ్యి కడుక్కోబోతూ కరస్పాండెంటు గారు అన్నారు, "వచ్చే కమిటీలో నీ పేరు రాయించేస్తున్నాను. ఆ కుర్చీలో పెద్ద మనసున్నవాడు కూర్చోవాలి." తలుపు వెనక సుగుణ కొంగుతో కళ్ళొత్తుకుంది. ఇన్‌ఛార్జి జీతంతో ఇల్లు నడిపింది ఆవిడే కదా.

అంతవరకూ మా ఇంట్లో అంత మంచి రోజు లేదు.

పెద్దమ్మగారు మెల్లగా లేచి, దొడ్డి వసారాలోకి వెళ్ళి, కొంగుముడి విప్పారు. గుప్పెడు జొన్నలు. అరచేతిలో పోసుకుని, వంగి, "దొరబాబూ... రా నాయనా, దొరబాబూ" అని పిలిచారు.

నాకు అర్థం కాలేదు. కరస్పాండెంటు గారు నా చెవి దగ్గరకు వంగి ముచ్చటగా చెప్పారు. "వాడి పేరు దొరబాబు. పిల్లగా ఉన్నప్పుడు దొరసాని గారిచ్చారు, అమ్మ చేతుల్లో పెరిగాడు. నేను విమానం ఎక్కేటప్పుడు అమ్మ భయపడి మొక్కుకుంది, నేను క్షేమంగా వస్తే వాడిని దేవుడికి ఇస్తానని. ఇచ్చిందేగానీ, ఆ రోజు నుంచీ అన్నం సరిగ్గా తినడంలేదు. మామూలుగా అయితే నేనే పాడుకుని తెచ్చేవాడిని. నువ్వు ఇంకా గొప్ప పని చేశావు. నీ డబ్బు దేవుడికి వేసి, వాడిని మళ్ళీ అమ్మ చేతిలో పెడదామనుకున్నావు చూడు. ఊళ్ళో అందరూ అదే అనుకుంటున్నారు. పిలువు, ఎక్కడ కట్టేశావు?"

నేను రోజూ పిల్లల్ని ప్రశ్నలు అడిగేవాడిని. జవాబు రానివాడు నేలచూపులు ఎందుకు చూస్తాడో నాకు ఆ క్షణంలో తెలిసింది.

పెద్దమ్మగారు ఇంకోసారి పిలిచారు. తర్వాత గోడ దగ్గరకు వెళ్ళి, మేకుకున్న తాడు చేతిలోకి తీసుకుని, నీలం పూస వేళ్ళతో తడిమారు. పాస్టర్ల ఇంట్లో పుట్టి, పాస్టర్ల ఇంట మెట్టి, కొడుకుని అంతవాడిని చేసి, ఎవరికీ తెలియకుండా సీమకోడికి దిష్టితాడు కట్టిన మనిషి ఆవిడ. మూల బుట్టలో ఈకలు కూడా చూశారు.

కరస్పాండెంటు గారు ఈకలు చూశారు. ఆకులో మిగిలిన ముక్క చూశారు. నా వైపు తిరిగారు. అప్పటిదాకా 'నువ్వు' అన్న మనిషి 'మీరు'లోకి వచ్చారు.

"మాస్టారూ, ఇందాక మీరు పెట్టింది..."

"టర్కీ సార్" అన్నాను. ఆయన ఇంకా చూస్తుంటే, "కంట్రీ ఫ్రైడ్" అన్నాను.

ఆయన చెంబు తీసుకుని దొడ్లోకి వెళ్ళారు. చాలాసేపు పుక్కిలించిన చప్పుడు వినబడింది. ఒకటి తిన్నవాడికి అంతసేపు పట్టదు.

పెద్దమ్మగారు నన్ను దాటుకుని లోపలికి వచ్చారు. సుగుణని అడిగారు. "వాడికి మెడ కింద నిమిరితే నిద్రొచ్చేదమ్మా. నిద్రపుచ్చాకేనా?"

"అవునమ్మా. నా ఒళ్ళో పడుకోబెట్టుకున్నాను. తెలియకుండానే పోయాడు" అంది సుగుణ.

అది అబద్ధం. ఆ పూట మా ఇంట్లో ఎవరైనా సరైన మాట ఒకటి ఆడారంటే అదే.

ఆవిడ జొన్నలు పిట్టగోడ మీద పోసేశారు. "పిచికలు తింటాయిలే" అని, తాడు కొంగున ముడి వేసుకుని జీపెక్కారు.

కమిటీ కూర్చుంది, ఏసుపాదానికి ఆర్డరొచ్చింది. రాతకోతలు ఏసుపాదానికి రావని, ఉప్మా సంగతి నాకైతే తెలుసని, పనులు మాత్రం నా దగ్గరే ఉంచారు. నీతిబోధ పీరియడు ఒక్కటి కొత్త హెడ్మాస్టరు గారే తీసుకుంటున్నారు. మొన్న ఐదో తరగతికి ఒక పెద్దావిడా, ఆవిడ పెంపుడు పక్షీ కథ చెప్పారట. కథ బాగా రక్తి కట్టిందని పిల్లలే వచ్చి నాకు చెప్పారు.

ఒక మేలు మాత్రం జరిగింది. ఆ తర్వాత కరస్పాండెంటు గారి ప్రసంగాల్లో టర్కీ అన్న మాట మళ్ళీ రాలేదు. సంఘం మొత్తానికి ఆ బాధ తప్పించింది నేను. ఇంతవరకూ ఒక్కరూ వచ్చి థాంక్స్ చెప్పలేదు.

మొన్న ఆదివారం గుడిలో తొలికాపు మామిడికాయలు, కూరగాయలు వేలం వేశారు. ఇప్పుడు కొత్త పద్ధతి వచ్చింది. ప్రతిదానికీ పాట మొదలెట్టే ముందు లూకయ్య, ఇచ్చినవాళ్ళ పేరు గట్టిగా చదివి, నా వైపు తిరిగి, నేను తల ఊపేదాకా ఆగుతాడు. నేను హెడ్మాస్టరునై బడిలో ఏ మార్పు తెచ్చేవాడినో గానీ, గుడిలో మాత్రం ఇది తెచ్చాను.

ఒక గుమ్మడికాయకి చెయ్యెత్తాను. "ఇది మా దొడ్లోదే మాస్టారూ. దీన్నెవరూ పెంచుకోవడం లేదు, నిశ్చింతగా వండుకోండి" అన్నాడు లూకయ్య. గుడంతా నవ్వింది. ఎవరూ పోటీకి రాలేదు.

ఇంటికి తెచ్చి ఇస్తే, సుగుణ కత్తిపీట వాల్చి కూర్చుని, కాయని ఇటూ అటూ తిప్పి చూసింది.

"దీనికి పేరేమైనా ఉందేమో అడిగారా?"

అడగలేదు. ఆ పూటకి పప్పు చేసుకున్నాం. గుమ్మడికాయ ఇప్పటికీ మా అటక మీదే ఉంది.